ప్రతిలో పాఠం: ఇటలీ పటాల నకళ్ల నుంచి పిల్లలమర్రి గోడ దాకా

తెలుగు సాహిత్య పరిశోధనలో ‘ప్రతి’ అన్న మాటకు చిన్నచూపు లేదు. కవి స్వహస్తంతో రాసిన గ్రంథం దొరకనప్పుడు ప్రతులే ఆధారం. ఒక ప్రతిలో జారిపోయిన అక్షరాన్ని మరొకటి పట్టి ఇస్తుంది. సి.పి. బ్రౌన్ పండితుల చేత, లేఖకుల చేత రాయించిన ప్రతులకు మన కావ్యాలు ఎంత రుణపడి ఉన్నవో తెలిసిందే. అదే మాట చిత్రకళ దగ్గరికి వచ్చేసరికి ‘నకలు’గా మారి విలువ కోల్పోతున్నది. ఈ భేదం సమంజసమేనా అన్నది ఈ వ్యాసంలో విచారణీయాంశం. సూర్యాపేట సమీపాన పిల్లలమర్రి నామేశ్వరాలయంలో మిగిలిన కాకతీయుల నాటి వర్ణచిత్రం ఈ విచారణకు సందర్భం.

మధ్యయుగ ఇటలీలో నకలు తీయడం చిన్నతనం కాదు, చదువు. 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని రాసిన చిత్రకళా గ్రంథం, ఒక మంచి గురువును ఎంచుకొని నిత్యం ఆయన పనినే చూసి గీయమని శిష్యుడికి చెబుతుంది. అందులోని సూక్ష్మత ఆశ్చర్యకరం. రంగు కలపడానికి గుడ్డుసొన వాడేటప్పుడు, పడుచు ముఖాలకు పట్టణపు కోడి గుడ్డు మేలట, దాని సొన లేతగా ఉంటుంది కనుక. ముదురు సొన ఉండే పల్లె కోడి గుడ్డు వృద్ధుల ముఖాలకు పనికివస్తుందట. ముఖానికి మొదట ఆకుపచ్చ మట్టిరంగు పూసి, దాని మీద గులాబి ఛాయలు దిద్దాలి. శతాబ్దాలు గడిచి పై పూత అరిగినచోట అడుగున ఉన్న పచ్చదనం బయటపడింది. అందుకే నాటి మేరీమాత పటాలు కొన్ని నేడు పచ్చని ముఖాలతో కనిపిస్తాయి.

చేతితో నకలు తీసేవారికి అసలు చిక్కు ఇక్కడే. కంటికి కనిపించే పచ్చని ముఖాన్ని గీయాలా, చిత్రకారుడు ఉద్దేశించిన గులాబి ముఖాన్ని గీయాలా? మొదటిది లేఖకుడి మార్గం: ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయడం. రెండవది పరిష్కర్త మార్గం. ఏ దారి పట్టినా అది నిర్ణయమే, కనుక వ్యాఖ్యానమే. ఛాయాచిత్రానికి ఈ బాధ లేదు. మరకకూ రేఖకూ అది సమాన గౌరవం ఇస్తుంది.

చెన్నీని గ్రంథాన్ని 1899లో ఆంగ్లంలోకి అనువదించిన క్రిస్టియానా హెరింగ్‌హామ్, గుడ్డుసొన రంగులతో ప్రాచీన ఇటలీ చిత్రాలకు స్వయంగా నకళ్లు తీసిన కళాకారిణి. ఆ చేయే 1909–11 మధ్య నిజాం రాజ్యంలోని అజంతాకు వచ్చింది. ఆమె బృందంలో నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, వెంకటప్ప మొదలైనవారితోపాటు హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ ఉన్నారు. 1915లో ఆ నకళ్లు ‘అజంతా ఫ్రెస్కోలు’ అన్న పేరుతో లండన్‌లో అచ్చయినవి. ఆ పేరు సరైనది కాదు. ఫ్రెస్కో అంటే తడి సున్నం మీద వేసే ఇటలీ పద్ధతి. అజంతాలో వేసింది ఆరిన పూత మీద, బంక కలిపిన రంగులతో. ఇటలీ చిత్రాలతో అలవాటుపడిన కన్ను అజంతాకు పెట్టిన పేరు అది.

అయినా ఆ నకళ్ల విలువ తగ్గదు. 1920–22లో నిజాం ప్రభుత్వం రప్పించిన ఇటలీ నిపుణుడు లొరెంజో చెక్కోని బృందం చిత్రాలను గోడకు అతికించి కాపాడింది, కానీ పైన పూసిన లక్క కాలక్రమాన పసుపెక్కింది. ఆ పూతకు ముందరి స్థితికి హెరింగ్‌హామ్ బృందపు నకళ్లు సాక్షులు. పరిష్కర్త పరిభాషలో చెప్పాలంటే పాఠభేదాలు చూపే ప్రతులు. ప్రతి ఒక్కటే ఉంటే చాలదని కూడా అజంతాయే నేర్పింది. రాబర్ట్ గిల్ నకళ్లు 1866లోనూ, గ్రిఫిత్స్ బృందం తీసినవాటిలో చాలా భాగం 1885లోనూ లండన్ అగ్నిప్రమాదాల్లో కాలిపోయినవి.

1202లో రేచెర్ల నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయంలోని చిత్రం క్షీరసాగర మథనం. ఓరుగల్లులో మాచల్దేవి చిత్రశాలను క్రీడాభిరామం వర్ణించింది కాని ఆ గోడలు మనకు లేవు. కాకతీయ చిత్రకళకు మిగిలిన కొద్ది ఆనవాళ్లలో పిల్లలమర్రి ఒకటి, అదీ వెలిసిపోయిన స్థితిలో. దీన్ని చేతితో ఎత్తిరాయించడం అవసరమని నా అభిప్రాయం. ఇందులో ఒక ప్రమాదం ఉన్నది. దేవతలు, రాక్షసులు, వాసుకి, మందరం అందరికీ తెలిసినవే. కనుక చెరిగినచోట చేయి తనంతట తానే బొమ్మను పూరిస్తుంది. పద్యం కంఠస్థమైన లేఖకుడే తాళపత్రంలో లేని పాఠాన్ని చేర్చే అవకాశం ఎక్కువ. మూలంలో లేనిది రాయనని పూనిన మల్లినాథుడి నియమం ఇక్కడ చిత్రకారుడికీ వర్తిస్తుంది.

ఖాళీలను ఏమి చేయాలన్నదానికి ఇటలీలోనే ఒక మార్గం ఉన్నది. 1966 నవంబరు వరదలో ఫ్లోరెన్సులోని చిమాబూయె సిలువచిత్రం చాలా రంగు కోల్పోయింది. రంగు పోయినచోట బొమ్మను తిరిగి గీయక, చుట్టుపక్కల రంగులను సన్నని గీతల అల్లికగా నింపారు. దూరం నుంచి చూస్తే కన్ను తడబడదు, దగ్గరికి వెళితే ఏది పాతదో ఏది కొత్తదో తెలిసిపోతుంది. మన పరిష్కర్తలు ఊహాపాఠాన్ని కుండలీకరణాల్లో ఉంచినట్టే ఇది. అయితే పిల్లలమర్రిలో ఆ గీతలు గోడ మీద పడనక్కరలేదు, నకలులో పడితే చాలు.

ఈ పనికి చేతులు దూరంలో లేవు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పక్కన పెట్టిన బోర్డు ఆర్టిస్టులకు, చిన్న అచ్చుబొమ్మ మీద గళ్లు గీసి గోడంత పెంచే విద్య తెలుసు. వారికి కొత్తగా నేర్పవలసింది ఒక్కటే: ఆగవలసినచోట ఆగడం. ఒకే చిత్రానికి ఇద్దరు ముగ్గురి చేత విడివిడిగా ప్రతులు తీయించి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చవలసి ఉన్నది. తేడా వచ్చినచోట మళ్లీ గోడ దగ్గరికి వెళ్లి చూడాలి, గోడ మీద ఇంకా ఏమైనా కనిపిస్తున్నప్పుడే.