మెట్టుమెట్టుకూ ఒక బొట్టు

విజయవాడ ఇంద్రకీలాద్రి మీద మెట్లపూజ చేసే ఆడవాళ్లను కాసేపు నిలబడి గమనించండి. వంగి మెట్టుకు పసుపు రాస్తారు, కుంకుమ బొట్టు పెడతారు, నడుం నిటారు చేసి ఊపిరి తీసుకుని పై మెట్టు ఎక్కుతారు. ఆ తీరున అరవై దాటిన అమ్మమ్మలు కూడా నింపాదిగా గుడికి చేరుతుంటే, పరుగున బయల్దేరిన కుర్రాళ్లు సగం దారిలో గోడకు ఆనుకుని రొప్పుతుంటారు. మెట్లపూజ భక్తికి సంబంధించినదే. అయితే కొండెక్కే విద్య కూడా అందులో ఉంది. కృష్ణా డెల్టా నుంచి కేదార్‌నాథ్‌కూ అమర్‌నాథ్‌కూ బయల్దేరే వాళ్లు ఆ విద్యను మూటగట్టుకుని వెళ్లాలి.

మనది పల్లపు సీమ. విజయవాడ సముద్రమట్టానికి సుమారు 20 మీటర్ల ఎత్తులో ఉంటే, దివిసీమ ఇంకా దిగువ. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు, అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్లు. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే. కానీ గాలి ఒత్తిడి తగ్గడం వల్ల ఒక్కో ఊపిరికి అందేది ఇక్కడి దానిలో దాదాపు మూడింట రెండొంతులే. తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం అందుకే. వయసులో ఉన్నామనో, రోజూ కృష్ణా బ్యారేజీ మీద నడుస్తున్నామనో ఆ బాధ ఎవరినీ విడిచిపెట్టదు.

రోడ్లు పడకముందు యాత్రికులు హృషీకేశం నుంచి చట్టీల్లో మజిలీలు చేస్తూ రోజుల తరబడి నడిచేవారు. ఒళ్లు ఎత్తుకు దానంతటదే అలవాటు పడేది. ఇప్పుడు గన్నవరంలో విమానం ఎక్కినవాళ్లు మూడో రోజుకు కేదారంలో ఉంటున్నారు. గౌరీకుండ్ నుంచి ఒక్క రోజులో 1,600 మీటర్లు ఎక్కేస్తున్నారు. హెలికాప్టర్ అయితే నిమిషాల పని. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని వైద్యులు చెబుతారు. కేదార్ దారిలో ఇది పూర్తిగా కుదరదు. కనీసం గుప్తకాశిలో ఒక రాత్రి, గౌరీకుండ్‌లో ఒక రాత్రి ఆగితే ఒంటికి కొంత వ్యవధి దొరుకుతుంది. మెట్టుమెట్టుకూ ఆగే పద్ధతే ఇది, కొలత ఒక్కటే పెద్దది.

ఇక ఇంద్రకీలాద్రి అమ్మవారి పేరిట పట్టే భవానీ దీక్ష. మండలం పాటు, అంటే 41 రోజులు, ఎర్రబట్టలు, నేల పడక, తెల్లవారుజామున చన్నీళ్ల తలస్నానం, ఒంటిపూట భిక్ష, చెప్పుల్లేని నడక. మందూ పొగా ముట్టకూడదు. చివర్న ఇరుముడితో గిరిప్రదక్షిణ. ఇవన్నీ ఊపిరితిత్తులను ఎత్తుకు అలవాటు చేయవు. అవి అలవాటు చేసేది మనసును. గట్టి పడకకూ చలికీ చాలీచాలని నిద్రకూ కంగారు పడని ఓర్పు అలా వస్తుంది. గుడారంలో తడి దుప్పటి కప్పుకుని తెల్లారే దాకా గడపాల్సి వచ్చినప్పుడు అదే అక్కరకొస్తుంది.

దీక్షలో మరో కిటుకు ఉంది. ముందు నడిచేవారు ‘జై భవానీ’ అంటే వెనకవాళ్లు గొంతు కలుపుతారు. గొంతు కలపలేకపోతున్నామంటే ఊపిరికి మించి నడుస్తున్నామన్నమాట. వెంటనే అడుగు తగ్గించాలి. పర్వతారోహణ నేర్పేవాళ్లు కూడా మాట్లాడుతూ నడవగలిగే వేగాన్నే పాటించమంటారు.

నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే, ఎవరెస్టు ఎక్కింది. భువనగిరి రాతికొండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో నేర్చుకుని, లడఖ్ చలిలో రాటుదేలాకే అక్కడికి వెళ్లింది. ఆమె సాధన కూడా అంచెలంచెలుగానే సాగింది.

అయితే విజయవాడలో పాటించే నియమాలన్నీ మంచుకొండల మీద పనికిరావు. అక్కడ ఉపవాసం వద్దు. ఆకలి లేకపోయినా కొంచెం కొంచెంగా అన్నమో జావో తినాలి, నీళ్లు తాగుతుండాలి. చన్నీళ్ల స్నానం, వట్టి కాళ్ల నడక మానేయాలి. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందులు రాకుండా అసిటజోలమైడ్ మాత్ర వేసుకోవాలనుకుంటే బయల్దేరే ముందే డాక్టర్ని అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఓర్చుకోవాల్సిన బాధేదో, ఓర్చుకోకూడనిదేదో తెలియడం. కాళ్ల నొప్పులు, చలి ఓర్చుకోవచ్చు. తలనొప్పి మొదలైతే ఆగిపోవాలి, తగ్గేదాకా పైకి వెళ్లకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, మాట తడబడితే, తిన్నగా నడవలేకపోతే అది అమ్మవారి పరీక్ష కాదు, ప్రాణాపాయం. తెల్లారే దాకా చూడకుండా కిందికి దించాలి.

దిగాలన్న మాట చెప్పాల్సింది దీక్షా బృందాన్ని నడిపించే గురుభవానీయే. దీక్షలో ఆయన మాటకు ఎదురుండదు కాబట్టి, ‘దిగుదాం భవానీ’ అనే అధికారాన్ని బృందం ఊళ్లో ఉండగానే ఆయనకు అప్పగించాలి. కేదారం వచ్చే ఏడాదీ ఉంటుంది. తోటి మనిషిని భుజాన వేసుకుని సగం దారిలో వెనుదిరిగినవాడి దీక్షకు ఏ లోటూ రాదు.