గీత గీస్తేనే పాట

తెరమీద పాట నడుస్తోంది. మిగిలిన సెకన్లు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. స్పీకర్లలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. లినక్స్ మీద రేడియో ఆటోమేషన్ మొదటిసారి పెట్టిన రోజు ఈ వ్యాసకర్త గంటసేపు సౌండ్‌కార్డునే అనుమానించాడు. కార్డు బాగానే ఉంది. పాటకూ దానికీ మధ్య తీగ కలపలేదు, అంతే.

ఆ తీగ చేతికి దొరికేది కాదు. పాటలను, ప్రకటనలను వరసపెట్టి వినిపించేది రివెండెల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులోంచి వచ్చే శబ్దాన్ని కార్డుకో, మరో ప్రోగ్రాముకో చేరవేసేది పాల్ డేవిస్ మొదలుపెట్టిన జాక్. పాత స్టూడియోల్లో ప్యాచ్ బే ముందు నిలబడి పిన్ను ఒక రంధ్రంలోంచి తీసి మరోదాంట్లో గుచ్చేవారు. ఇప్పుడు ఆ పని జాక్‌ను నడిపే క్యూజాక్‌సీటీఎల్ అనే ప్రోగ్రాము కిటికీలో జరుగుతుంది. ఎడమవైపు రివెండెల్ పోర్టు, కుడివైపు కార్డు పోర్టు, మధ్యలో గీత. స్టీరియో కనక రెండు గీతలు. ఒకటి మరిచిపోతే పాట ఒక చెవికే.

తర్వాత బఫర్ లెక్క, అంటే శబ్దం కార్డుకు చేరేముందు ఎంతసేపు ఆగుతుందన్నది. సెకనుకు 48,000 శాంపిళ్లు, ఒక్కో పీరియడ్‌కు 1,024 ఫ్రేములు, 2 పీరియడ్లు పెడితే ఆలస్యం దాదాపు 43 మిల్లీసెకన్లు. ఫ్రేములు 64కు దించితే 3 మిల్లీసెకన్లలోపే. కొత్తవాళ్లకు ఈ ఆశ తప్పదు. కానీ కంప్యూటర్ వేళకు శాంపిళ్లు అందించలేకపోతే ఎక్స్‌రన్, పాట మధ్యలో టిక్కుమని చప్పుడు. రికార్డయిన పాట 43 మిల్లీసెకన్లు ఆలస్యమైతే శ్రోతకు తెలియనే తెలియదు. తన గొంతు హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వింటే తడబడేది అనౌన్సరే. అందుకే ఆ గొంతును కంప్యూటర్ చుట్టూ తిప్పకుండా మిక్సర్ నుంచే వినిపించడం మేలు.

అసలు చిక్కు కరెంటు పోయి వచ్చాక బయటపడుతుంది.

యూఎస్‌బీ కార్డుంటే నిన్నటి సున్నా నంబరు ఇవాళ ఒకటి కావచ్చు. కాబట్టి జాక్‌కు కార్డు నంబరు కాక పేరు ఇవ్వాలి. జాక్ ఆగితే చేత్తో గీసిన గీతలూ పోతాయి. వాటిని క్యూజాక్‌సీటీఎల్‌లో ప్యాచ్‌బేగా భద్రపరచి, మెషీన్ లేవగానే తమంతట తామే కలిసేలా పెట్టాలి. జాక్ ముందు లేవాలి, రివెండెల్ ఆ తర్వాత. ఈలోగా డెస్క్‌టాప్ శబ్దాలను చూసే పల్స్‌ఆడియో కార్డును పట్టుకు కూర్చోకుండా చూడాలి. జాక్, పల్స్‌ఆడియో పనులు రెండూ తానే చేసే పైప్‌వైర్‌ను 2021లో ఫెడోరా 34 అనే లినక్స్ పంపిణీ డిఫాల్ట్ చేసింది. అయినా ఏ పోర్టు ఎక్కడికి వెళ్లాలో చెప్పాల్సింది మనిషే.

ఈ వ్యాసకర్త ఇప్పుడు పని ముగిశాక మెషీన్ ఆపి, మళ్లీ వేసి, చేతులు కట్టుకుని కూర్చుంటాడు. కీబోర్డు ముట్టకుండా పాట వినిపిస్తేనే స్టేషన్‌కు అప్పగిస్తాడు.