మాగాణి మినుమును మాగాణిలోనే ఎంచాలి

కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పదును ఆరకముందే, పైరులోనే మినుము గింజ చల్లేస్తారు. దుక్కి ఉండదు, సాలు ఉండదు, చాలాచోట్ల తడీ ఉండదు. నేలలో మిగిలిన పదునుతో, రాత్రి మంచుతో 80 రోజులకు కాస్త అటూ ఇటూగా పంట చేతికొస్తుంది.

పండించడం ఇంత తేలిగ్గా కనిపించే పైరుకు రకం తయారుచేయడం మాత్రం ఓపిక పరీక్షే. మినుము పువ్వు విచ్చుకోకముందే లోపల పుప్పొడి రాలిపోతుంది. అందుకని మర్నాడు పూయబోయే మొగ్గను సాయంత్రమే పట్టుకోవాలి. సన్న పట్టకారుతో రేకులు తప్పించి, మెలితిరిగిన లోరేకులో దాగిన 10 కేసరాలనూ తీసేయాలి. మధ్యనున్న కీలం నలిగిందా, ఆ మొగ్గ పోయినట్టే. పొద్దున్నే తండ్రి మొక్క పుప్పొడి అద్దుతాం. ఇంతా చేస్తే చాలా మొగ్గలు రాలిపోతాయి. నిలిచిన కాయలో నాలుగైదు గింజలుంటాయి. వాటిని పొట్లం కట్టి, తల్లిదండ్రుల పేర్లు రాసేటప్పుడు కలిగే సంతోషం నాకు మరే పనిలోనూ దొరకలేదు.

ఆ తర్వాత ఆరేడు తరాల ఎంపిక. అది ఎక్కడ చేస్తున్నామన్నదే నా పట్టింపు. దున్ని, సాళ్లలో విత్తి, నీళ్లు పెట్టిన మడిలో విరగకాసిన మొక్క వరి దుబ్బుల మధ్య డీలా పడొచ్చు. అక్కడ మొలక ముందు వరి నీడలో బతకాలి. ఆరి గట్టిపడే నేలలోకి వేరు దించాలి. కలుపూ బంగారు తీగా లేవకముందే నేలను కమ్మేయాలి.

గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం ఇచ్చిన మినుము రకం ఎల్‌బీజీ 17, అదే కృష్ణయ్య, బూడిద తెగులును తట్టుకుని డెల్టా రైతుకు గొప్ప ఊరటనిచ్చింది. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు పెరిగాక మాత్రం అది నిలవలేకపోయింది. పంత్‌నగర్ నుంచి వచ్చిన పీయూ 31 ఆ ఖాళీలోకి దూసుకొచ్చింది.

ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి. చక్రాల కింద మొలక నలుగుతుందని చాలామంది కోశాకే విత్తుతున్నారు. అప్పటికి పై పదును ఆరిపోతోంది. కాబట్టి మిషన్ తిరిగిన మడిలోనే ఇకపై ఎంపిక జరగాలి. ఇందులో రాజీ పనికిరాదు.

రైతులకు ఒక మనవి. చేనంతా పల్లాకు కమ్మినప్పుడు ఒక్క మొక్క పచ్చగా నిలిస్తే దాన్ని పశువుల మేతలో కలిపేయకండి. గుర్తుగా పుల్ల పాతి, దగ్గర్లోని పరిశోధన స్థానానికి కబురు పెట్టండి.