గోవ కట్టే చెయ్యి

నేరేడ్‌మెట్‌లో మా వీధి చివర మూడంతస్తుల ఇల్లు లేస్తోంది. పొద్దున్నే ట్రాలీ ఆటోలో జామాయిల్ కర్రలు దిగాయి. గోవ (పరంజా) కట్టే మనిషి ఒక్కో కర్ర చివరను కంటికి ఆనించి, రెండో కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు చూస్తాడు. కాస్త వంకరుంటే అవతల పడేస్తాడు. నచ్చినదాన్ని నిలబెట్టి, అడ్డకర్ర ఆనించి, కొబ్బరి తాడు పెనవేసి, కాలు తన్నిపెట్టి బిగిస్తాడు. మేకు ఒక్కటీ లేదు.

"తాడు ఆగుతదా అన్నా?" అన్నాను.

"ముందు ఎక్కేది నేనే గద సార్!"

ఈ జామాయిల్ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1843లో ఊటీ వైపు నీలగిరి కొండల్లో నాటారు, అందుకే నీలగిరి చెట్టయింది. భద్రాచలం దగ్గరి కాగితం మిల్లు కోసం మన దగ్గర తోటలే పెంచుతున్నారు. ఆస్ట్రేలియా మంచుకొండల మీద దీని చుట్టం ఒకటుంది. గడ్డకట్టే చలికి చావదు గానీ, గాలికీ మంచు బరువుకీ మెలికలు తిరిగిపోతుంది. మనవాడి కంట పడితే నేరుగా పొయ్యిలోకే!

పెద్ద అపార్ట్‌మెంట్లకు ఇప్పుడు ఇనుప పైపులే. గల్లీ ఇళ్లకు మాత్రం ఇంకా ఈ కర్రే, ఈ ముడే.

మధ్యాహ్నం చూస్తే, తను కట్టిన గోవ మీదే కాళ్లు వేలాడేసుకుని సద్ది విప్పుతున్నాడు.