‘వాన రాలే’: కరువుసీమ కథాభాష – డిజిటల్ పాఠ సమస్య

సాహిత్య పాఠాన్ని యంత్రం చదవగల రూపంలోకి మార్చి, దానిపై భాషాపరమైన, చారిత్రకమైన ప్రశ్నలు వేయడం డిజిటల్ మానవీయశాస్త్రాల ప్రధాన కార్యాల్లో ఒకటి. మన దేశంలో 2018లో ‘డిజిటల్ హ్యుమానిటీస్ అలయన్స్ ఆఫ్ ఇండియా’గా మొదలైన పరిశోధకుల సంఘం నేడు ‘ధర్తి’ పేరుతో కొనసాగుతున్నది. భారతీయ భాషల అనువాద, వాక్ సాధనాల కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో ‘భాషిణి’ని ప్రారంభించింది. తెలుగు శాఖలకు ఇవి మంచి అవకాశాలే. అయితే ఈ సాధనాలకు మనం అందిస్తున్న తెలుగు ఏది? అనంతపురం కరువు కథాసాహిత్యం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బండి నారాయణస్వామి కథ ‘వానరాలే’ శీర్షికనే తీసుకుందాం. సీమ పలుకుబడిలో ‘రాలే’ అంటే ‘రాలేదు’. శిష్టవ్యావహారికంలో అదే రూపం ‘రాలు’ ధాతువుకు తద్ధర్మార్థక విశేషణం. రాలే ఆకులు, రాలే చినుకులు అన్నట్లు. శిష్టరూపాలను మాత్రమే ఎరిగిన పదవిశ్లేషణ సాధనం ముందు ఈ శీర్షికను ఉంచితే, వాన లేమిని చెప్పే మాట వాన కురుస్తున్నట్లు అర్థమయ్యే ప్రమాదం ఉంది. ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే ఉండి, వేరుశనగ సేద్యం వాన మీదనే ఆధారపడిన పీఠభూమిలో ఇది చిన్న పొరపాటు కాదు. కథావస్తువే తలకిందులవుతుంది.

‘పదును’ మరొక ఉదాహరణ. కత్తికి పదును వాడి. నేలకు పదును విత్తుకు తగిన తడి. ‘భూమి పదునైంది’ అన్న రైతు మాటలో వాన పరిమాణం, నేల స్వభావం, విత్తే అదను మూడూ ఇమిడి ఉన్నాయి. పదాల పౌనఃపున్యాన్ని మాత్రమే లెక్కించే పద్ధతి ఈ రెండు పదునులనూ ఒకే గంపలో వేస్తుంది. ‘వర్షం’ అని వెతికే పరిశోధకునికి ఈ మాట అసలు దొరకదు.

ఈ లోపానికి మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది చట్టపరమైనది. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణానంతరం అరవై ఏళ్ల వరకు హక్కులు కొనసాగుతాయి. 1987లో మరణించిన విద్వాన్ విశ్వం రచనలపై హక్కులు 2047 చివరి వరకు, 2021లో మరణించిన సింగమనేని నారాయణ రచనలపై 2081 చివరి వరకు ఉంటాయి. కనుక స్వేచ్ఛగా లభించే తెలుగు పాఠరాశిలో పూర్వకావ్యాలకు ఉన్నంత చోటు కరువు కథకు లేదు. రెండవది రూపానికి సంబంధించినది. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం వేల కథలను కాపాడి అంతర్జాలంలో అందిస్తున్నది. అది అపూర్వమైన సేవ. కానీ స్కాన్ చేసిన పుట బొమ్మ మాత్రమే. దానిలోని మాటను వెతకాలంటే బొమ్మ అక్షరపాఠం కావాలి. మూడవది మన అలవాటు. యూనికోడేతర ఫాంట్లలో కూర్చిన సిద్ధాంత గ్రంథాలు శోధగంగలో చేరినా, వాటిలోని ఉదాహృత భాగాలు తెలుగు అన్వేషణకు అందవు.

మాండలిక రూపాలను శిష్టరూపాల్లోకి మార్చి పాఠరాశిలో చేర్చడం సులభమైన పరిష్కారంగా తోచవచ్చు. ‘రాలే’ను ‘రాలేదు’గా దిద్దితే యంత్రం సరిగా చదువుతుంది, కాని రచయిత ఎన్నుకున్న భాష మాయమవుతుంది. అలాగని ఏ గుర్తూ లేకుండా ఉన్నదున్నట్లు వదిలితే శీర్షిక పైన చెప్పిన గతే పడుతుంది. 1987లో ఆరంభమైన ‘టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్’ మార్గదర్శకాలు ఈ సందిగ్ధానికి దారి చూపుతాయి. మూలరూపాన్నీ, ప్రమాణరూపాన్నీ ఒకే చోట వేర్వేరు గుర్తులతో నిలిపే వీలు వాటిలో ఉంది. చదివేటప్పుడు ‘రాలే’, వెతికేటప్పుడు ‘రాలేదు’ రెండూ దక్కుతాయి.

ఏది మూలం, దేనికి ఏ ప్రమాణరూపం సరి అన్నది యంత్రం తేల్చే విషయం కాదు. అది పాఠపరిష్కర్త, విమర్శకుడు తేల్చవలసినది. ఆ పనికి మనకు పూర్వరంగం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం సేద్యపు మాటలను వాడుకలో ఉన్నట్లే సేకరించే శాస్త్రీయ పద్ధతిని చూపింది. కరువుసీమ కథలకు ఆ పద్ధతిని అన్వయించడమే ఇప్పుడు కావలసినది.

రచయితల, వారసుల అనుమతితో ఇరవై కథలను రెండు రూపాలతో గుర్తించి సిద్ధపరచడం ఒక తెలుగు శాఖ శక్తికి మించినది కాదు. అనంతపురంలోనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ మాటలను పుట్టుకతో ఎరిగిన విద్యార్థులు ఈ జిల్లాల నుంచే వస్తున్నారు. ‘రాలే’ అన్నచోట వాన లేదని తెలిసిన ఆ విద్యార్థుల జ్ఞానం పాఠరాశిలో నమోదు కాకపోతే, రేపటి సాధనాలు సీమ కథను శిష్టభాషలో జరిగిన తప్పుగా లెక్కిస్తాయి.