ఉల్లి ఎక్కువ

ఆదివారం పొద్దున మా వీధి చివరి టిఫిన్ సెంటర్లో పెసరట్టు చెప్పి, ఎప్పటిలాగే "ఉల్లి కాస్త ఎక్కువ" అన్నాను. కౌంటర్లో కుర్రాడు ట్యాబ్ మీద వేలు ఆడించి, "ఆ ఆప్షన్ లేదండీ" అన్నాడు. వాడి వెనకే పళ్లెం నిండా తరిగిన ఉల్లిపాయలు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు ఆ కొట్టు పెద్దాయన కొత్త కాదు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, వీధి వంక చూస్తూ వ్యాపారం నడిపిన మనిషి. పెళ్లి బస్సు ఆగితే, దాని తలుపు తెరుచుకోకముందే "ఇంకో వాయ ఎక్కించరా" అని లోపలికి కేక. ఇప్పుడు కొట్టు వాళ్లబ్బాయిది. బ్రాంచీలు నాలుగు.

దాంతో నా పాత పిచ్చి మళ్లీ తలకెక్కింది. ఆండ్రూ గ్రోవ్ ఇంటెల్ ప్రెసిడెంట్‌గా ఉండగా 1983లో వచ్చిన ఆయన ‘హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్’ చిప్‌లతో కాదు, టిఫిన్‌తో మొదలవుతుంది. మూడు నిమిషాలు ఉడికిన గుడ్డు, వెన్న రాసిన రొట్టె, కాఫీ. అన్నీ వేడిగా ఒకేసారి బల్ల మీదికి రావాలి. ఎక్కువసేపు పట్టేది గుడ్డు కాబట్టి, మిగతావాటి లెక్కంతా దాన్నిబట్టే వేసుకోమంటాడు.

పెద్దాయన గ్రోవ్‌ను చదవలేదు. పైగా ఇడ్లీ గుడ్డుకంటే మొండిది. పిండి రాత్రంతా పులవాలి గనక, పొద్దున ఎంతమంది వస్తారో ముందురోజు సాయంత్రమే తేల్చుకోవాలి. తక్కువైతే తొమ్మిదింటికే "అయిపోయాయండీ". ఎక్కువైతే మధ్యాహ్నానికి పులుపు. పెసరట్టుకు ఆ బాధ లేదు, నానిన పెసలు ఉంటే రుబ్బి పోసుకోవడమే. అందుకే ఆయన ఇడ్లీ పిండి కాస్త తక్కువే రుబ్బించి, జనం పెరిగితే పెసరట్టు మీదికి మళ్లించేవాడు. "ఇడ్లీకి టైం పడుతుంది, వేడిగా పెసరట్టు తినండి బాబూ" అనే మర్యాదలో ఎంత లెక్క దాగుందో, ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు ప్రొడక్షన్ చూశాక గానీ నాకు అర్థం కాలేదు.

ఇదంతా పెనం దగ్గర మాస్టర్‌తో అంటే ఆయన నవ్వలేదు. "పెద్దాయన ఆస్పత్రిలో ఉన్న పన్నెండు రోజులూ కొట్టు మూతే కదండీ! ఏ రోజు ఎన్ని కిలోలు నానబెట్టాలో ఆయనకే తెలుసు. మాకు జీతాలెవరిచ్చారు?" అని గోడ వైపు చూపించాడు. శనివారం మినప్పప్పు ఇన్ని కిలోలు, శ్రావణంలో ఇన్ని, వానొస్తే ఇన్ని. దస్తూరీ మాస్టర్‌దే. వాళ్లబ్బాయి కొట్టు చేతికి రాగానే చేసిన మొదటి పని, మాస్టర్ని కూర్చోబెట్టి అది రాయించడం.

పెద్దాయన చూపు గొప్పదే, కానీ ఆయన మంచం పడితే పొయ్యీ ఆరిపోయింది. ఇన్నేళ్లూ ఇదే కాలమ్‌లో నేను దాన్నే నాయకత్వమని రాస్తూ వచ్చాను.

టిఫిన్ కొట్టు దేశమంతా బ్రాంచీలు పెడితే ఏమవుతుందో కూడా గ్రోవ్ ఒక అధ్యాయం రాశాడు. ఏది హెడ్డాఫీసు తేల్చాలి, ఏది బ్రాంచి మేనేజర్‌కు వదలాలి అన్నదే అక్కడి తలనొప్పి. ఉల్లి సంగతి మాత్రం పెనానికే వదిలెయ్యమని ఆ అబ్బాయితో అన్నాను. చూస్తానన్నాడు.

బుధవారం వెళ్తే ట్యాబ్‌లో "ఉల్లి ఎక్కువ" వచ్చింది. పది రూపాయలు అదనం.