‘కనిపెట్టుట’: తెలుగు సువార్తల్లో నిరీక్షణ భావన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

క్రైస్తవ చింతనలో నిరీక్షణ ప్రధానమైన భావన. పరలోకం మీద చూపు నిలిపి ఇహలోకంలోని అన్యాయాన్ని మౌనంగా భరించడమే నిరీక్షణ అన్న ఆక్షేపణ కూడా చాలాకాలంగా ఉంది. ఈ ఆక్షేపణ సువార్తల పాఠానికి ఎంతవరకు వర్తిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు బైబిల్ అనువాదంలోని ‘కనిపెట్టు’ అనే క్రియకు ఉన్న మూడు అర్థాలను ఆధారం చేసుకొని లూకా, మత్తయి సువార్తల్లోని ఘట్టాలను విశ్లేషిస్తుంది. సువార్తల్లో ఎదురుచూపుకు గీటురాయి కాలం కాదనీ, తోటి మనిషి పట్ల ప్రవర్తన అనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నిరీక్షణ, కనిపెట్టుట, సువార్తలు, ఉపమానం, బైబిల్ అనువాదం, జాషువ.

1. ప్రవేశిక

1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. సువార్తల తెలుగు అనువాదానికి అక్కడ జరిగిన కృషి తరువాతి అనువాదాలకు దారి వేసింది. ఆ పరంపరలో స్థిరపడిన పాత అనువాదమే నేటికీ తెలుగు సంఘాల్లో ఎక్కువగా వినిపిస్తుంది. దాని భాషను ‘మిషనరీ తెలుగు’ అని పక్కన పెట్టడం సాహిత్య విమర్శలో పరిపాటి. అయితే ఒక భావాన్ని కొత్త భాషలోకి తెచ్చేటప్పుడు అనువాదకుడు ఎన్నుకొన్న మాట, ఆ భావానికి మూలంలో లేని వెలుగును కూడా ఇవ్వగలదు. నిరీక్షణకు సంబంధించిన పదజాలం ఇందుకు మంచి నిదర్శనం.

2. మూడు పదాలు, ఒకే చూపు

విశ్వాసం, ప్రేమలతో కలిపి పౌలు చెప్పిన మూడవ గుణానికి గ్రీకులో ‘ఎల్పిస్’ అని పేరు. దీనికి తెలుగు బైబిల్ ‘ఆశ’ అనలేదు, ‘నిరీక్షణ’ అన్నది. తెలుగులో ‘ఆశ’కు కోరిక, పేరాశ అనే ఛాయలు అంటుకొని ఉన్నాయి. ‘నిరీక్షణ’ అంటే సామాన్య వ్యవహారంలో ఎదురుచూడడం. ఈ ఎంపిక వల్ల తెలుగు క్రైస్తవ పరిభాషలో ఆశించడమూ వేచి ఉండడమూ ఒకే పదంలో కలిసిపోయాయి.

దీనితోపాటు ‘ఎదురుచూచు’, ‘కనిపెట్టు’ అనే క్రియలు కూడా ఈ అనువాదంలో తరచుగా కనిపిస్తాయి. ఈ మూడింటికీ మూలం చూపే. ‘నిరీక్షణ’లో ఉన్నది ఈక్ష ధాతువు, రెండవదానిలో ఉన్నది ‘చూచు’, మూడవదానిలో ఉన్నది ‘కను’. కంటికి కనబడనిదాని కోసమే నిరీక్షణ అని రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయం వాదిస్తుంది. ఆ వాదాన్ని తెలుగు అనువాదం చూపుకు సంబంధించిన మాటలతోనే చెప్పవలసి వచ్చింది. ఈ వైరుధ్యం అనువాదలోపం కాదు. కనబడనిదాని వైపు చూపు మరల్చకుండా ఉండడమే నిరీక్షణ అని అది స్ఫురింపజేస్తుంది.

వీటిలో ‘కనిపెట్టు’ ప్రత్యేకమైనది. పాత అనువాదంలో దీనికి వేచి ఉండడం అనే అర్థం ఉంది. వాడుకలో రోగినో పసిబిడ్డనో కనిపెట్టుకొని ఉండడమంటే దగ్గరుండి చూసుకోవడం. నేటి భాషలో కనిపెట్టడమంటే దాగి ఉన్నదాన్ని తెలుసుకోవడం. వేచి ఉండడం, సంరక్షించడం, గుర్తించడం అనే ఈ మూడు అర్థాలు సువార్తల్లో ఎక్కడ కలుస్తాయన్నది తరువాతి పరిశీలన.

3. లూకా: ఆశించినవారు, కనిపెట్టినవారు

‘ఎల్పిస్’ అనే నామవాచకం నాలుగు సువార్తల్లో ఒక్కచోట కూడా లేదు. దాని క్రియారూపం మాత్రం ఐదు చోట్ల ఉంది. వాటిలో మూడు లూకా సువార్తలోనివే. ఆ మూడు చోట్ల ఆశించినవారు ఎవరో గమనించదగినది. ఆరవ అధ్యాయంలో ఇచ్చిన అప్పు తిరిగి వస్తుందని ఆశించేవారు. ఇరవై మూడవ అధ్యాయంలో యేసు చేతిమీదుగా ఒక అద్భుతం చూడాలని ఆశించిన హేరోదు. ఇరవై నాలుగవ అధ్యాయంలో ఎమ్మాయు దారిలో తమ ఆశను గతకాలంలో చెప్పుకొనే ఇద్దరు శిష్యులు. ప్రతిఫలం, వినోదం, భంగపాటు: లూకాలో ‘ఆశ’ ఈ మూడింటితోనే ముడిపడి ఉంది.

దీనికి భిన్నంగా సుమెయోను, యెరూషలేము విమోచన కోసం వేచి ఉన్నవారు, అరిమతయియ యోసేపు – వీరి విషయంలో లూకా ‘ప్రొస్‌దెఖొమై’ అనే క్రియను వాడాడు. ఈ క్రియకు వేచి ఉండడమే కాక, చేర్చుకోవడం అనే అర్థం కూడా ఉంది. యేసు పాపులను చేర్చుకొంటున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు పదిహేనవ అధ్యాయంలో సణిగినప్పుడు వాడిన క్రియ ఇదే. అంటే మూలభాషలోనూ ఎదురుచూపు, ఆదరణ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. గ్రీకు క్రియలోని ఈ రెండర్థాలకు తెలుగు ‘కనిపెట్టు’ కాకతాళీయంగానే అయినా ఎంతో దగ్గరగా వచ్చింది.

సుమెయోను ఘట్టం ఇందుకు ఉదాహరణ. అతడు ఎదురుచూసినది ఇశ్రాయేలుకు కలగవలసిన ఆదరణ. అతని చేతికి వచ్చింది ఒక పేద దంపతుల పసికందు. ఆ తల్లిదండ్రులు గొర్రెపిల్లకు బదులుగా పక్షులను అర్పించినట్లు లూకా చెప్పడంలో వారి పేదరికం సూచితమైంది. వేచి ఉన్నవాడు బిడ్డను ఎత్తుకొన్నాడు, గుర్తించాడు. అన్న అనే వృద్ధ ప్రవక్త్రి తాను తెలుసుకొన్నదాన్ని తనలోనే దాచుకోక, తనలాగే కనిపెట్టుకొని ఉన్నవారందరికీ చెప్పింది. ఇక్కడ నిరీక్షణ ఏకాంత సాధన కాదు, ఒక సమూహం కలిసి చేసే పని.

సువార్త చివరలోని స్త్రీల ఘట్టం మరింత లోతైనది. వారు సుగంధద్రవ్యాలు సిద్ధం చేసుకొని, విశ్రాంతిదినం గడిచేదాకా ఆగి, తెల్లవారుజామున సమాధి దగ్గరికి వెళ్లారు. వారు సిద్ధపడింది మృతదేహం కోసం. పునరుత్థానం కోసం కాదు. ఫలితం గురించి వారి అంచనా తప్పింది. అయినా ఆ వార్త మొదట విన్నది వారే. రాబోయేది ఏమిటో ముందుగా తెలియడం నిరీక్షణకు అవసరం కాదనీ, చేయవలసిన సేవను వదలకపోవడమే అవసరమనీ ఈ ఘట్టం సూచిస్తుంది.

4. మత్తయి: ఆలస్యం అనే పరీక్ష

మత్తయి సువార్త 24, 25 అధ్యాయాల్లోని ఉపమానాలకు ఆలస్యమే కేంద్రం. యజమాని రాక ఆలస్యమైంది; పెండ్లికుమారుడు ఆలస్యం చేశాడు; దాసుల యజమాని చాలాకాలానికి తిరిగివచ్చాడు.

మొదటి ఉపమానంలో దుష్టదాసుడు యజమాని ఇప్పట్లో రాడనుకొన్నాడు. వెంటనే అతడు చేసిన పని తోటి దాసులను కొట్టడం. ఎదురుచూపు ఆగిన చోట హింస మొదలైంది. లెక్క అడిగేవాడు లేడన్న ధీమా బలహీనుల మీద దౌర్జన్యంగా మారడం ఈ కథలోని సామాజిక సత్యం.

పదిమంది కన్యకల ఉపమానం చదివినప్పుడు తెలుగు సాహిత్య విద్యార్థికి అష్టవిధ నాయికల్లోని వాసకసజ్జిక, విరహోత్కంఠిత గుర్తుకు రావడం సహజం. ఇల్లు, మేను అలంకరించుకొని ప్రియుని రాకకై వేచి ఉండడం, అతడు రాక కలవరపడడం – ఇవి ఆ నాయికల లక్షణాలు. అయితే అక్కడి నిరీక్షణ ఇద్దరి మధ్య సాగే శృంగార విషయం. ఇక్కడ వేచి ఉన్నది పదిమంది. ఉన్నది ఒక ఊరి పెండ్లి బాధ్యత. పైగా బుద్ధిగలవారు, బుద్ధిలేనివారు అన్న తేడా లేకుండా పదిమందీ నిద్రపోయారు. కాబట్టి ఈ కథలో ‘మెలకువ’ అంటే కన్ను మూయకపోవడం కాదు, ఆలస్యాన్ని ముందే లెక్కలోకి తీసుకొని సిద్ధపడి ఉండడం.

ఈ ఉపమానంలో ఒక కాఠిన్యం ఉంది. బుద్ధిగలవారు నూనె పంచలేదు. సంరక్షణే నిరీక్షణ అనే ప్రతిపాదనకు ఇది ఎదురు నిలిచే అంశం. ఉపమానాన్ని విడిగా చదివితే ఈ చిక్కు తీరదు. అదే అధ్యాయం చివరనున్న తీర్పు దృశ్యంతో కలిపి చదివినప్పుడు నూనెకు అర్థం తెలుస్తుంది. ఆకలిగొన్నవారికి అన్నం, దప్పిగొన్నవారికి నీళ్లు, పరదేశికి ఆశ్రయం, వస్త్రహీనునికి బట్ట, రోగికి, ఖైదీకి పరామర్శ – వీటి ఆధారంగానే అక్కడ తీర్పు జరుగుతుంది. ఒకరు చేసిన ఇలాంటి పనిని చివరి గడియలో మరొకరికి అరువివ్వడం సాధ్యం కాదు.

ఆ దృశ్యంలో రెండు వర్గాలవారూ అడిగిన ప్రశ్న ఒకటే: రాజును తాము ఎప్పుడు చూశామన్నది. చూపుకు సంబంధించిన ఈ ప్రశ్నలోనే ‘కనిపెట్టు’ అనే మాటకున్న మూడు అర్థాలూ కలిశాయి. ఎవరి కోసం వేచి ఉన్నారో, ఆయన ఆకలిగొన్నవాని రూపంలో ముందే వచ్చి ఉన్నాడు. అతణ్ణి కనిపెట్టుకొని ఉన్నవారు, తమకు తెలియకుండానే తాము కనిపెట్టుచున్నవాని సేవలో ఉన్నారు. తీర్పునాడు వారు ఆ సంగతిని కనిపెట్టారు.

5. సిద్దె: తెలుగు నేల మీద ఒక ఉపమానం

కన్యకలు నూనె తీసుకుపోయిన పాత్రకు గ్రీకులో ఉన్నది సామాన్యార్థకమైన పదమే. తెలుగు అనువాదం దానికి ‘సిద్దె’ అన్నది. సిద్దె అంటే నూనె, నెయ్యి పోసి ఉంచే తోలుపాత్ర. ఆ మాటతో ఉపమానంలోకి తెలుగు పల్లె ప్రవేశించింది, తోలుపని చేసే చేతులూ ప్రవేశించాయి. ఆ నూనె నిలిచేది ఊరు అంటరానివారన్నవారి పనితనంలోనే.

ఒంగోలు ప్రాంత చరిత్రకు ఈ మాటతో దగ్గరి సంబంధం ఉంది. 1876–78 నాటి కరువులో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ ఇ. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని కరువుబాధితులకు పని కల్పించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, సంవత్సరానికి పైగా బాప్తిస్మాలు నిలిపివేశాడు. కరువు తీవ్రత తగ్గిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ ఎదురుచూపు కాలం పార పట్టి మట్టి మోసిన కాలం. మత చరిత్రగా దీనిమీద భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కానీ అన్నం ముందు, సంస్కారం తరువాత అన్న ఈ క్రమం మత్తయి 25వ అధ్యాయంలోని క్రమానికి విరుద్ధం కాదు.

6. ఆక్షేపణ, సమాధానం

నిరీక్షణ పేరుతో పీడితులకు ఓర్పును బోధించడం చరిత్రలో జరగలేదనలేము. ఆ బోధ సువార్తలది అవునా అన్నదే ప్రశ్న. లూకా 18వ అధ్యాయంలో విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరికి మాటిమాటికీ వెళ్లి న్యాయం అడుగుతుంది. ఆమె ఎదురుచూపు మౌనం కాదు, విసుగులేని అర్జీ. యేసు ఆమెను ప్రార్థనకు ఆదర్శంగా చూపించాడు. 16వ అధ్యాయంలో ధనవంతుని వాకిట పడి ఉన్న లాజరు కథ దీనికి మరోవైపు. అక్కడ నింద వేచి ఉన్న లాజరు మీద లేదు. రోజూ వాకిలి దాటుతూ అతణ్ణి కనిపెట్టని ధనవంతుని మీద ఉంది. లాజరుకు ఓర్పు బోధించడానికి ఈ కథను వాడుకోవడం కథను తలకిందులు చేయడమే.

తెలుగు కవిత్వంలో ఈ విధవరాలి గొంతుకు సమీపమైనది గుఱ్ఱం జాషువ ‘గబ్బిలం’లో వినిపిస్తుంది. 1941 నాటి ఈ కావ్యం క్రైస్తవ వస్తువు గలది కాదు. మనిషిగా తనకు లేని ఆలయప్రవేశం గబ్బిలానికి ఉందని గ్రహించిన అరుంధతీయుడు, తన గోడును శివుని చెవిన వేయమని దానిని వేడుకొంటాడు. అతడు జవాబు కోసం వేచి ఉన్నాడు. అయితే అడిగి వేచి ఉన్నాడు. అదే జాషువ ‘క్రీస్తు చరిత్ర’ రచించి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. ఈ రెండు కావ్యాలను వేర్వేరు గదుల్లో పెట్టి చదివే అలవాటును విమర్శ పునరాలోచించుకోవాలి. న్యాయం అడగడాన్నీ దేవుని కోసం వేచి ఉండడాన్నీ లూకా విడదీయలేదు.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. తెలుగు బైబిల్‌లోని నిరీక్షణ, ఎదురుచూచు, కనిపెట్టు అనే పదాలు మూడూ చూపుతో ఏర్పడ్డాయి. ఆశకూ ఎదురుచూపుకూ ఉన్న సంబంధాన్ని ఇవి స్పష్టం చేస్తాయి.

2. లూకా సువార్త ప్రతిఫలం ఆశించడాన్నీ, వేచి ఉండి చేర్చుకోవడాన్నీ వేర్వేరు క్రియలతో చెప్పింది.

3. మత్తయి ఉపమానాల్లో ఆలస్యం ఒక పరీక్ష. తోటివారి పట్ల ప్రవర్తనే దాని గీటురాయి.

4. విధవరాలు, లాజరు కథలు చూపినట్లు, అన్యాయం పట్ల మౌనం సువార్తలు చెప్పిన నిరీక్షణలో భాగం కాదు.

ఈ దృష్టితో చూస్తే నిరీక్షణకు ఎదురుగా నిలిచేది నిరాశ మాత్రమే కాదు, చూడకపోవడం కూడా. ధనవంతుడు నిరాశ చెందినవాడు కాడు. అతనికి లోటు లేదు గనుక ఎదురుచూడవలసిన అవసరమూ లేదు. వాకిట ఉన్న మనిషి అతనికి కనబడలేదు. ‘కనిపెట్టు’ అన్న తెలుగు మాటలో వేచి ఉండడమూ చూసుకోవడమూ ఒకటే గనుక, ఆ రెంటినీ విడదీసే ఏ బోధనైనా ప్రశ్నించడానికి తెలుగు పాఠకునికి తన భాషలోనే ఆధారం ఉంది.